మెట్రిక్ రెండుసార్లు తప్పిన మహనీయుడు – డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు



ప్రతి వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం వేసుకోవడం మన హాస్టల్‌కు ఆనవాయితీ. అంబేద్కర్ గారు, ఫూలే గారు, జాషువా గారి జీవితాలు ఇదివరకే వచ్చాయి. ఈసారి ఎవరి గురించి రాయాలా అని సంచిక కమిటీలో మేము తర్జనభర్జన పడుతున్న రోజుల్లో పూర్వ విద్యార్థుల సమావేశం జరిగింది. ఆ సమావేశానికి వచ్చిన ఒక అన్నయ్య మాకు దారి చూపించారు. ఆయనది కొల్లేరు లంక గ్రామం. ఇక్కడే ఇదే మెస్సులో అన్నం తిని, ఇదే వరండాలో స్టడీ అవర్‌లో కూర్చుని పైకి వచ్చినవారు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటూ వైద్యానికి పనికివచ్చే పదార్థాల మీద పరిశోధన చేస్తున్నారు.

ఆయన జేబులోంచి ఒక కాగితం పొట్లం తీసి విప్పారు. అందులో రూపాయి బిళ్లంత ప్లాస్టిక్ ముక్క ఉంది. ఒకవైపు నున్నగా ఉంది. రెండోవైపు సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. ఆ తెల్లని పూత మన ఎముకలో ఉండే ఖనిజమే అని చెప్పారు. దాన్ని కొలిమిలో కాల్చి అతికించలేదట. మన ఒంటి వేడి ఎంత ఉంటుందో అంత వేడిగా ఉన్న ఉప్పునీటిలో కొన్ని రోజులు నానబెడితే దానంతటదే పేరుకుందట. పూత ఎంత పట్టిందో ఎలా తెలుస్తుందని మేము అడిగాం. అందులోని భాస్వరాన్ని కొలుస్తామని, ఆ కొలతను నమ్మదగినదిగా చేసినవారు మన భీమవరంలో పుట్టినవారేనని అన్నారు. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

మాకు సిగ్గేసింది. ఆ పేరు మేము జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ఒక బిట్టుగా మాత్రమే చదివాం. అన్నయ్య వెళ్లాక దొరికిన పుస్తకాలన్నీ తెచ్చుకుని చదివాం. చదివాక, ఈ జీవితం మన సంచికలో తప్పక రావాలనుకున్నాం. అందుకు ఇంకొక కారణం కూడా ఉంది. అది చివర చెబుతాం.

బాల్యం, చదువు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవారు. తండ్రి ఆరోగ్యం బాగులేక ఉద్యోగం మధ్యలోనే మానుకోవలసి రావడంతో ఇల్లు ఇబ్బందుల్లో పడింది. చిన్ననాడు సుబ్బారావు గారికి చదువు మీద కంటే సంపాదన మీదే ధ్యాస ఉండేది. పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని బయలుదేరారు. తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు.

రాజమండ్రిలో చదివారు. మెట్రిక్యులేషన్ తప్పారు. మళ్లీ రాశారు. మళ్లీ తప్పారు. మద్రాసు వెళ్లి హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి రాస్తే అప్పుడు గట్టెక్కారు. ఆ మూడో ప్రయత్నమే లేకపోతే ఈ వ్యాసం లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఖర్చులు భరించారు. ఆ తరువాత మూర్తి గారి కుమార్తె శేషగిరి గారినే సుబ్బారావు గారు వివాహం చేసుకున్నారు. అవి గాంధీజీ పిలుపుకు దేశం కదిలిన రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్లేవారు. సర్జరీ బోధించే ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది కిట్టలేదు. పరీక్షలు బాగా రాసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. సర్కారు వైద్య కొలువు కూడా దొరకలేదు. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ కాలం గడిపారు.

ఆ ఇంటిని ఇంకొక కష్టం కుదిపేసింది. స్ప్రూ అనే జబ్బులో ఆహారం ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి శుష్కించిపోతాడు. ఆ జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు వారం పైన ఒక్కరోజు తేడాలో కన్నుమూశారు. ఆయనకూ అదే జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఈ జబ్బు అంతు చూడాలన్న పంతం ఆయనలో ఆనాడే నాటుకుంది.

అమెరికా ప్రయాణం

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక సాయం, మామగారు కూడగట్టిన డబ్బు పట్టుకుని, 1920ల ఆరంభంలో ఆయన బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదివారు. అక్కడ ఆయన ఎల్.ఎం.ఎస్.కు విలువ లేదు. పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేశారు. రోగుల మూత్రపు పాత్రలు కూడా కడిగారు. హాస్టల్లో ఉంటూ సెలవుల్లో కూలికి వెళ్లి పుస్తకాలు కొనుక్కున్న మన అన్నలకు ఈ మాట వేరే వివరించి చెప్పనక్కర్లేదు.

తరువాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే గారి దగ్గర చేరారు. ఆ ప్రయోగశాలలోనే మన అన్నయ్య చెప్పిన కొలత పుట్టింది.

నీలి రంగు కొలత

రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో తెలుసుకోవడం ఆ రోజుల్లో పెద్ద తలనొప్పి. భాస్వరం కంటికి కనపడదు. అమ్మోనియం మాలిబ్డేట్ అనే లవణాన్ని ఆమ్లంలో కలిపి పోస్తే అది ఫాస్ఫేటుతో కలుస్తుంది. దానికి ఇంకొక మందు చేరిస్తే నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎక్కువుంటే రంగు ముదురు, తక్కువుంటే లేత. ఈ సంగతి అంతకుముందే తెలుసు. కానీ రంగు త్వరగా వచ్చేది కాదు, నిలకడగా ఉండేది కాదు. ఫిస్కే, సుబ్బారావు గార్లు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే మందును వాడి, రంగు త్వరగా, నిలకడగా వచ్చేలా చేశారు. 1925 డిసెంబరులో ఈ పద్ధతి అచ్చయింది. ప్రపంచమంతటా ప్రయోగశాలలు దాన్ని అందుకున్నాయి. నేటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో దాన్ని నేర్చుకుంటున్నారు.

తమ్ముళ్లు గమనించవలసిన సంగతి ఒకటుంది. కండరాల రసాన్ని ఈ పద్ధతితో పరీక్షించినప్పుడు రంగు వెంటనే రాలేదు. మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. ఇంకొకరైతే ప్రయోగం చెడిపోయిందని పారబోసేవారు. వీరు మాత్రం ఎందుకిలా అవుతోందని వెంటపడ్డారు. కండరంలో భాస్వరాన్ని పట్టి ఉంచి, సులువుగా వదిలేసే పదార్థం ఏదో ఉందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియేటిన్. 1927లో ఆ ఫలితం ప్రకటించారు. 1929లో ఏ.టి.పి.ని కూడా వేరుచేసి చూపారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ గారు కూడా ఏ.టి.పి.ని కనుగొన్నారు. మనం పరుగెత్తినా, కబడ్డీ ఆడినా కండరానికి శక్తి అందేది వీటి వల్లనే.

ప్లాస్టిక్ ముక్కకు ఆ కొలతకు ఉన్న చుట్టరికం

ఇప్పుడు మళ్లీ ఆ ప్లాస్టిక్ ముక్క దగ్గరకు వద్దాం. వెన్నెముక ఆపరేషన్లలో పూసల మధ్య పెట్టడానికి, విరిగిన ఎముకల దగ్గర ఊతంగా ఉంచడానికి వైద్యులు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను వాడుతున్నారు. ప్లాస్టిక్ తేలిక, తుప్పు పట్టదు, ఎక్స్‌రేకు అడ్డం రాదు. చిక్కంతా ఏమిటంటే మన శరీరం దాన్ని తనదిగా ఎంచదు. దాని చుట్టూ పల్చని పీచు పొర అల్లి వేరుగా పెడుతుంది. ఎముక దానికి అతుక్కోదు. అతుక్కోకపోతే కొన్నాళ్లకు కదులుతుంది, నొప్పి మొదలవుతుంది.

ఎముక గుర్తుపట్టే పదార్థాన్ని పైన పూస్తే ఈ చిక్కు తగ్గుతుంది. ఎముకలోని ఖనిజం కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన హైడ్రాక్సీ అపటైట్. మన ఒంట్లోని భాస్వరంలో నూటికి 85 పాళ్లు ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుంది. టైటానియం వంటి లోహాలకైతే ఈ ఖనిజాన్ని వేల డిగ్రీల ప్లాస్మా మంటలో కరిగించి చిమ్ముతారు. చాలా ప్లాస్టిక్‌లు ఆ వేడికి ఆగవు. మన బిందెల్లో, బకెట్లలో వాడే రకం పాలిథిలిన్ 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. అందుకే తక్కువ వేడిలో పూత వేసే పద్ధతులు కావలసి వచ్చాయి.

జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన తదాషి కొకుబో గారు 1990 ప్రాంతంలో ఒక దారి చూపారు. రక్తపు ద్రవంలో ఏ లవణాలు ఏ పాళ్లలో ఉంటాయో దాదాపు అవే పాళ్లలో నీటిలో కలిపి, 36.5 డిగ్రీల వేడిలో ఉంచుతారు. ప్లాస్టిక్ ఉపరితలాన్ని ముందుగా సిద్ధం చేసి, అంటే ఖనిజం మొలకెత్తడానికి చోటు కల్పించి, అందులో నానబెడతారు. కొన్ని రోజుల్లో ఎముక ఖనిజాన్ని పోలిన పొర పేరుకుంటుంది. ఇలా ఎముకతో కలిసిపోయే గుణం వచ్చిన ఉపరితలాన్ని బయోయాక్టివ్ అంటారు.

పొర ఎదిగే కొద్దీ నీటిలోని ఫాస్ఫేటు తగ్గుతుంది. ఎంత తగ్గిందో కొలిస్తే పూత ఎంత పట్టిందో లెక్క వస్తుంది. పూతను ఆమ్లంలో కరిగించి కూడా కొలవవచ్చు. పెద్ద సంస్థల్లో ఈ పనికి ఖరీదైన యంత్రాలున్నాయి. అవి లేనిచోట నేటికీ నీలి రంగు పద్ధతే దిక్కు. రంగు తెప్పించే మందులు కాలక్రమంలో మారాయి కానీ దారి మాత్రం అదే. కొలత లేనిదే పూత పట్టిందో లేదో చెప్పలేం. చెప్పలేనిదాన్ని రోగి ఒంట్లో పెట్టలేం.

లెడర్లీలో ఎనిమిదేళ్లు

1930లో సుబ్బారావు గారికి హార్వర్డ్‌లో పిహెచ్.డి. వచ్చింది. ఇన్ని కనుగొన్నా అక్కడ శాశ్వత ప్రొఫెసర్ పదవి రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ ఎనిమిదేళ్లలో ఆయన బృందాలు చేసిన పని ఈ రోజుకూ మన ఇళ్లలో కనపడుతుంది.

అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ జబ్బుకు మందును ఆయన మరిచిపోలేదు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూకూ, కొన్ని రకాల రక్తహీనతకూ అది పనిచేసింది. వారానికొకసారి మాస్టారు దగ్గరుండి మన చేత మింగించే నీలి రంగు ఐరన్ మాత్ర ఉందే, అందులో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. కిటికీలోంచి ఆ మాత్రను విసిరేసే తమ్ముళ్లు ఈ పేరా ఇంకోసారి చదవాలి.

1947లో హెట్రజాన్ వచ్చింది. దీన్నే మనం డి.ఇ.సి. మాత్ర అంటాం. బోదకాలు అంటే ఏమిటో గోదావరి, కొల్లేరు ప్రాంతాల్లో తెలియని ఇల్లు లేదు. ఇంటింటికీ వచ్చి ఆరోగ్య సిబ్బంది మింగించిన మాత్రలు అవే. తమ సొంత ప్రాంతపు జబ్బుకు మందు అంత దూరాన ఒక భీమవరం మనిషి చేతుల మీదుగా వచ్చిందని మా ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆయన బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గారు రక్త క్యాన్సర్ పిల్లలకు చికిత్స చేసి, కొంతకాలమైనా జబ్బును వెనక్కి నెట్టవచ్చని 1948లో చూపారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

లెడర్లీలోనే బెంజమిన్ డగ్గర్ గారు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అది మొదటిది. దాని వివరాలు 1948 జూలైలో లోకానికి వెల్లడయ్యాయి. ఇక్కడ కూడా ప్లాస్టిక్ పూత సంగతి వస్తుంది. ఆ కుటుంబపు మందే మినోసైక్లిన్, 1960లలో అదే లెడర్లీలో తయారైంది. ఐ.సి.యు.లో రోగి పెద్ద రక్తనాళంలోకి పెట్టే ప్లాస్టిక్ గొట్టం మీద సూక్ష్మజీవులు పొరలు కట్టి రక్తాన్ని విషం చేస్తాయి. 1990లలో అమెరికా వైద్యులు ఆ గొట్టాలకు మినోసైక్లిన్‌ను, రిఫాంపిసిన్‌ను పట్టించి పరీక్షించారు. అలాంటి గొట్టాలతో ఇన్ఫెక్షన్లు తగ్గాయి. ప్లాస్టిక్ కరగకుండా, మందు చెడకుండా, కొలిమి లేకుండా పట్టించిన పూత అది.

ఆఖరి రోజులు

ఆరియోమైసిన్ వెల్లడైన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. ఇండియా వదిలి వెళ్లినవారు మళ్లీ తిరిగి రాలేదు. శేషగిరి గారు ఆయన్ను మళ్లీ చూడలేదు. ఎంత గొప్ప జీవితమైనా ఈ లెక్క కూడా అందులో రాయాలి. ఆమె ఎదురుచూపుల గురించి రాసినవారు తక్కువ.

పేరు కోసం పాకులాడలేదని ఆయన్ను మెచ్చుకునేవారున్నారు. కానీ ఆయనకు రావలసిన పేరు రాకపోవడం మెచ్చుకోవలసిన విషయం కాదని మా అభిప్రాయం. హార్వర్డ్‌లో ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగు చూడలేదని, వాటిని ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని, ఆయనతో పాటు అక్కడ పనిచేసి తరువాత నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ గారు చెప్పారు. ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

మా మాట

ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. సుబ్బారావు గారు పుట్టిన ఇల్లు వేరు, మనం పుట్టిన పేటలు వేరు. మెట్రిక్ తప్పినా ఆయన్ను మద్రాసు పంపించగల బంధువర్గం ఉంది, డబ్బు సర్దిన మామగారు ఉన్నారు. మన పిల్లలకు అలాంటి ఆసరా హాస్టలే. కాబట్టి ఆయన చేశారు మీరూ చేయండి అని తేలిగ్గా చెప్పి తప్పుకోం. తప్పినవాడి వెనుక ఎవరో ఒకరు నిలబడితేనే మూడో ప్రయత్నం అనేది ఉంటుంది. ఆయన వెనుక తల్లి నిలబడ్డారు, స్నేహితులు నిలబడ్డారు, కాకినాడ ధర్మసంస్థ నిలబడింది. ఈ జీవితంలో మాకు కనపడిన పాఠం ఇదే.

మొదట్లో చెప్పిన రెండో కారణం ఇప్పుడు చెబుతాం. పోయిన ఏడాది సంచికలో పదో తరగతి పాసైనవారి పేర్లు, మార్కులు వేశాం. తప్పిన ఐదుగురి పేర్లు వేయలేదు. ఆ నిర్ణయం మేమే తీసుకున్నాం, ఎవరూ మమ్మల్ని అడగలేదు. అందులో ఒక తమ్ముడు ఫలితాలు వచ్చిన సాయంత్రమే ట్రంకుపెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి కూడా రాలేదు. కొల్లేరు పక్కన చేపల చెరువు మీద మేత వేసే పనిలో ఉన్నాడని తెలిసింది. పోయిన నెల మేము వెళ్లి కలిశాం. గట్టు మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. చదువు మాట ఎత్తితే మాత్రం చెరువు వైపు చూస్తూ ఉండిపోయాడు. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

అందుకే ఈ సంచికలో పదో తరగతి రాసిన అందరి పేర్లు అకారాది క్రమంలో వేశాం. మార్కులు వేయలేదు. తప్పినవారు మళ్లీ రాయడానికి కట్టే ఫీజును, మూడోసారి రాయవలసి వచ్చినా సరే, పూర్వ విద్యార్థుల సంఘం భరిస్తుందని సమావేశంలో తీర్మానించుకున్నాం. సాయంత్రాలు లెక్కలు, సైన్సు చెప్పడానికి ఇద్దరు అన్నలు ఒప్పుకున్నారు. ఇంకొందరు ముందుకు రావాలని కోరుతున్నాం.

ఆ ప్లాస్టిక్ ముక్కను అన్నయ్య మన హాస్టల్ సైన్సు బీరువాకే ఇచ్చి వెళ్లారు. చూడాలనుకున్నవారు వార్డెన్ గారిని అడిగి చూడవచ్చు. తెల్లటి వైపు గోటితో గీకవద్దని మాత్రం మనవి.



సంచిక కమిటీ